నూట ఎనిమిది బండిలో బాప్తీస్మం

మా గ్రేసీని సంగటి ఉడికిందా అని అడిగినా తిన్నగా జవాబు రాదు. "ఉడికినట్టే ఉండాదవ్వా, అయితే..." అంటుంది. ఆ 'అయితే' దగ్గర నా ప్రాణం పోతుంది. ఉడికితే దించు, ఉడక్కపోతే ఇంకో కట్టె తోయి. ఇందులో 'అయితే' ఎందుకు?

ఇది నా కొడుకు మునెయ్య పెద్ద కూతురు. పేరుకు ముందు డాక్టరు అని ఉంటుంది. సూది వేసే డాక్టరు కాదు, పుస్తకాల డాక్టరు. ఐరాల పక్కన మా ఊళ్ళో ఈ తేడా చెప్పీ చెప్పీ నా నోరు అరిగింది. మొదట్లో మోకాళ్ళ నొప్పులని ఒకరు, పిల్లోడికి కడుపులో బాగాలేదని ఒకరు మా వాకిట్లోకి వచ్చేవాళ్ళు. ఎదురింటి చెంగమ్మ అయితే నాలుక చాపుకుని మరీ కూర్చుంది. గ్రేసీ ఆ నాలుకను చూస్తూ, "నేను సంఘ చరిత్రలో డాక్టరును పెద్దమ్మా, ఐదొందల ఏండ్ల కిందట..." అని మొదలుపెట్టింది. చెంగమ్మ నాలుక లోపలికి తీసుకుని నా వైపు తిరిగింది.

"ఏమే సంతోషమ్మా, ఇన్నేండ్లు సదివించి దీనికి ఒక మాత్ర పేరు గూడా నేర్పించలేదా?"

చదివించింది నేను కాదు. నాకు సంతకం వరకే వచ్చు. అది దానంతటదే చదువుకుంటూ పోయింది, నీళ్ళు పల్లానికి పోయినట్టు. చిత్తూరులో డిగ్రీ అయ్యాక దాని తోటి ఆడపిల్లలందరూ టీచరు ట్రైనింగుకు పోయారు. ఇది తిరుపతికి పోయి యూనివర్సిటీలో చరిత్ర పట్టుకుంది. సరే, చరిత్ర అంటే రాజులూ కోటలూ కదా, చంద్రగిరి కోట పక్కనే ఉంది, దాని గురించి రాసి పారేస్తుందిలే అనుకున్నాను. దీనికి చంద్రగిరి ఆనలేదు.

మాది మిషను గుడి. మా అవ్వల కాలంలో తెల్ల పాదిర్లు కట్టించింది. గోడలో ఒక రాయి మీద ఆ పాదిరీ పేరు ఉంటుంది. చిన్నప్పుడు గ్రేసీ ఆ రాయి ముందు నిలబడి, "అవ్వా, ఈయప్ప మనకు చెప్పినాడు సరే. ఈయప్పకు ఎవురు చెప్పినారు?" అనేది. వాళ్ళ నాయన చెప్పి ఉంటాడు అన్నాను. "వాళ్ళ నాయనకు?" అంది. పోయి ఆడుకోవే అన్నాను. అది ఆడుకోలేదు. వెనక్కి పోయింది. పోయి పోయి జర్మనీ దేశంలో తేలింది, లూథరనే ఆయన పాత సంఘం మీద తిరగబడిన కాలంలో. ఆయన తర్వాత వచ్చిన పాదిర్లు ఒకరితో ఒకరు దేనికి దేనికి తగువులాడుకున్నారో, అదీ దీని చదువు.

అన్ని తగువులూ కాదు. అందులో ఒక్కటే. పుట్టగానే ప్రాణం పోయేట్టున్న బిడ్డకు, పాదిరీ వచ్చే లోపల మంత్రసాని నీళ్ళు పోసి బాప్తీస్మం ఇస్తే అది చెల్లుతుందా చెల్లదా? ఇంత మాట మీద ఎన్నాళ్ళు కూర్చుంటారు ఎవరైనా? మా వీధి అరుగు మీద అడిగితే ఒక పూటలో తేలుస్తారు. దీనికి నా జుట్టంతా నెరిసేదాకా పట్టింది. ఆ భాష నేర్చుకోవాలంది. నేర్చుకుంది. ఆ కాలం అక్షరాలు వేరేగా ఉంటాయంది. అవీ నేర్చుకుంది. ఎవరో స్కాలర్‌షిప్పు ఇస్తే ఆ దేశం పోయి ఒక చలికాలమంతా పాత కాగితాల ముందు కూర్చుని, నేను పంపిన చెనిక్కాయల పొడి తిని బతికింది. వచ్చాక ఏం చెప్పింది? మంచు గురించి చెప్పిందా, మేడల గురించి చెప్పిందా? అన్నా అని ఒక మంత్రసాని ఉండేదట, ఒక బిడ్డకు నీళ్ళు పోసినందుకు ఆమెను ఊరి పెద్దలు పిలిచి నిలదీశారట, ఆమె ఇట్లా చెప్పిందట అట్లా చెప్పిందట. పక్క వీధి మనిషి గురించి చెప్పినట్టు చెప్పింది. ఆ అన్నాకు ఏమయిందోనని నేను కూడా రెండు రోజులు దిగులుపడ్డాను. చివరకు ఏమయిందే అంటే, "ఆ తర్వాత కాగితాలు దొరకలేదవ్వా" అంది. ఇదీ మా గ్రేసీ కథ చెప్పే తీరు.

డాక్టరయ్యాక ఉద్యోగం రావాలి కదా. తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పే పని దొరికింది. అక్కడ లూథరూ లేడు, మంత్రసానీ లేదు. పోటీ పరీక్షలకు పోయే పిలకాయలకు ఏ యుద్ధం ఏ ఏట జరిగిందో బట్టీ పట్టించడమే. ఎండాకాలం సెలవులిస్తే జీతం కూడా సెలవే. ఒక గదిలో ఉంటుంది. నేను చూడడానికి పోతే బస్సులో పక్కన కూర్చున్న ప్రతి మనిషీ అడిగేది ఒకటే.

"దర్శనానికా పెద్దమ్మా?"

"కాదు. మనమరాల్ని సూసేదానికి."

"ఏం చేస్తాది మనమరాలు?"

"జర్మనీ మంత్రసానుల మింద సదివింది."

ఆ తర్వాత పాకాల దాకా నాతో ఎవరూ మాట్లాడరు.

ఇట్లా ఉండగా నిరుడు ఒక దారి కనిపించింది. వేదాంత కళాశాలలో, అంటే అయ్యగార్లను, అదే పాదిర్లను, తయారుచేసే చోట, సంఘ చరిత్ర చెప్పే ఉద్యోగం ఖాళీ అయింది. పక్కా ఉద్యోగం. ఉండడానికి ఇల్లు ఇస్తారు. అన్నిటికంటే, ఇన్నేళ్ళు ఇది తలకెక్కించుకున్నదాన్ని వినడానికి ఎదురుగా మనుషులు కూర్చుంటారు. ఇక నన్ను కూర్చోబెట్టి చెప్పనక్కర్లేదు. ఆ కళాశాల పాలకవర్గంలో మా గుడి అయ్యగారు గిరిప్రసాద్ గారు ఉన్నారు. సొంత సంఘం అయ్యగారు మంచిమాట చెబితే వస్తుంది, చెప్పకపోతే రాదు. అంతే లెక్క.

గ్రేసీకి నేనూ వాళ్ళ నాయనా ఒకటే మాట చెప్పాం. ఆయన ప్రసంగం చేసేటప్పుడు తప్పులు పట్టవద్దు. గమ్మున తల ఊపు. పాపం, ఊపింది కూడా. ఒక ఆదివారం ఆయన లూథరు గురించి ఏదో చెబుతుంటే దీని పెదవులు కదలడం మొదలుపెట్టాయి. నేను కాలు తొక్కాను. ఆగింది.

అంతలో మా ధరణి వచ్చింది పురిటికి. గ్రేసీ చెల్లెలు. నెలలు నిండలేదు. గ్రేసీ ఆ రోజు తిరుపతిలోనే ఉంది. మధ్యాహ్నం అన్నాలు తింటుంటే ధరణికి నొప్పులొచ్చాయి. నూట ఎనిమిదికి ఫోను చేస్తే బండి వచ్చింది. మునెయ్య మోటారు సైకిలు మీద వెనకాల బయలుదేరాడు, నేను బండిలో ఎక్కాను. అందులో మందులు చూసే పిల్లోడి పేరు ఢిల్లీబాబు. మంచి పిల్లోడు, నుదుట నామం పెట్టుకుని ఉన్నాడు. చిత్తూరు రోడ్డెక్కి మామిడి తోపులు దాటకముందే బిడ్డ బయటికి వచ్చేశాడు.

వంకాయ రంగులో ఉన్నాడు. ఏడవలేదు. ఢిల్లీబాబు గొట్టం పెట్టి నోట్లోది లాగుతున్నాడు, అరికాళ్ళ మీద కొడుతున్నాడు, గాలి పెడుతున్నాడు. ధరణి తల ఎత్తి చూసింది. దాని ముఖం చూడలేకపోయాను.

"అవ్వా, వీడు బాప్తీస్మం లేకుండానే పోతాడా?"

అయ్యగారు ఎక్కడున్నారో. మేమెక్కడున్నామో. నా సంచిలో నీళ్ళ బాటిలుంది. మూత తీశాను.

"అవ్వా! తడపొద్దు! సలవ సేస్తాది, పిలకాయకి మంచిది గాదు!" అని అరిచాడు ఢిల్లీబాబు.

"నువ్వు నీ పని సూడు నాయనా, నేను నా పని సూస్తా" అన్నాను.

మూడు సార్లు, వేళ్ళ కొసతో, నెత్తి మీద. తండ్రి పేరున, కుమారుడి పేరున, పరిశుద్ధాత్మ పేరున. మా గుడిలో ఎన్ని బాప్తీస్మాలు చూశాను, ఆ మాటలు నాకు రావా? పేరు పెట్టాలి కాబట్టి నోటికి వచ్చిన పేరు పెట్టాను, మునిచంద్ర అని. మా ఆయన పేరు. ధరణీ, దాని మొగుడూ ఏదో రియాన్ష్ అని దాచిపెట్టుకున్నారని తర్వాత తెలిసింది. ముందే చెప్పి ఉండాల్సింది.

బిడ్డ ఏడ్చాడు. గాలి పెట్టినందుకు అంటాడు ఢిల్లీబాబు. అయి ఉండొచ్చు. నేను ఆ పిల్లోడితో తగువు పెట్టుకోలేదు. చిత్తూరు ఆసుపత్రి నుంచి వాణ్ణి తిరుపతికి పంపించారు, అక్కడ గాజు పెట్టెలో పెట్టారు, పిడికెడంత వాణ్ణి. ధరణి ఆ అద్దం బయట కుర్చీలో కూర్చునే ఉండింది. గ్రేసీ కాలేజీ అయ్యాక రోజూ పోయి దానికి అన్నం తినిపించేది. చాలా వారాలకు వాడు కిలో లెక్కలోకి వచ్చి, ఇంటికి వచ్చాడు.

ఇక గుడిలో చూపించాలి, సంఘానికి భోజనం పెట్టాలి అనుకున్నాం. సంగతి విని గిరిప్రసాద్ అయ్యగారు ఇంటికి వచ్చారు. గ్రేసీ కూడా అప్పుడు ఇక్కడే ఉంది. ఆయన మంచం మీద కూర్చుని, మజ్జిగ తాగి, నా వైపు తిరిగారు.

"సంతోషమ్మా, నువ్వు భక్తితోనే చేశావు, కాదనను. కానీ దాన్ని బాప్తీస్మం అనకూడదు. ఆదివారం గుడిలో నేను ఇస్తాను."

"మరి ఆ బండిలో నేను పోసింది ఏందయ్యగారూ?"

"అది ప్రార్థన అనుకో."

"ప్రార్థనయితే కండ్లు మూసుకుందును గదా. నేను బాటిలు మూత తీసినా."

ఆయన నవ్వారు. చెడ్డ మనిషి కాదు. వానలో తడుసుకుంటూ వచ్చి మా ఆయన సమాధి దగ్గర నిలబడిన మనిషి. కానీ గుడిలో తన పని ఇంకొకరు చేస్తే ఆయనకు పడదు. గంట కొట్టే పని కూడా.

"ఏమ్మా గ్రేసీ, నీ పుస్తకాలు ఏమంటాయి?" అన్నారు.

ఇన్నేళ్ళ చదువు, ఆ జర్మనీ, ఆ చలి, ఆ అక్షరాలు, అంతా ఈ ఒక్క ప్రశ్న కోసమే కదా. ఊళ్ళో ఎవరూ అడగరు అనుకున్న ప్రశ్న మా మంచం మీదికే వచ్చి కూర్చుంది. గ్రేసీ గొంతు సవరించుకుంది.

"రెండు రకాలుగా ఉండాది అయ్యగారూ. లూథరు దారిలోళ్ళు చెల్లుతాది అన్నారు. కాల్వినని ఇంకొకాయన ఉన్నాడు, ఆయన దారిలోళ్ళు ఆడోళ్ళు ఇయ్యనే కూడదు అన్నారు. ఇంకొందరు అసలు పసిబిడ్డలకే వద్దన్నారు. లూథరు దారిలో గూడా, మాటలు సరిగ్గా పలికినారో లేదో ఎవురికీ తెలీకపోతే..."

"అంటే తేలలేదన్నమాట."

"అట్లా గూడా అనలేము అయ్యగారూ. అయితే..."

"సరే, సరే" అని ఆయన లేచారు. చెప్పులు వేసుకుంటూ అన్నారు: "వచ్చే వారం మా పాలకవర్గం కూర్చుంటుంది. నీ గురించి నేను చెబుతాను. మన ఊరి బిడ్డవి కదా."

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఓర్చుకున్నాను.

"ఏందే అది? కర్రా ఇరగలేదు, పామూ సావలేదు. నీ సొంత అవ్వ పోసిన నీళ్ళు. చెల్లుతాదో చెల్లదో ఒక్క మాట రాదా నోట్లో?"

"అంత సులువుగా చెప్పేది కాదవ్వా."

"చెప్పలేనిదానివి చదివిందెందుకే?"

"చెప్పేది సులువు కాదని తెలుసుకునేదానికే" అంది. దీన్ని కొట్టాలా, నన్ను నేను కొట్టుకోవాలా?

అప్పటిదాకా లోపల బిడ్డకు పాలిస్తున్న ధరణి బయటికి వచ్చింది. అది ఎక్కువ మాట్లాడే పిల్ల కాదు.

"అక్కా, నాకు వాళ్ళూ వీళ్ళూ వద్దు. వీడు ఆ గాజు పెట్టెలో ఉన్నన్నాళ్ళు నేను ఒకటే ధైర్యంతో కూర్చున్నా. అవ్వ పోసింది గదా, ఏమయినా వీడు దేవుని బిడ్డే అని. ఇప్పుడు అయ్యగారు అది ప్రార్థన అంటారు. అంటే ఆ పెట్టెలో వీడికి బాప్తీస్మం ఉన్నట్టా, లేనట్టా?"

గ్రేసీ బిడ్డ వైపు చూసింది.

"ఇదే మాట" అంది నెమ్మదిగా. "ఇదే మాట ఆ కాలంలో తల్లులు గూడా అడిగినారు ధరణీ. నేను కాగితాల్లో చూసినా."

"వాళ్ళు సచ్చి ఐదొందల ఏండ్లాయ, వాళ్ళకి తర్వాత చెప్పొచ్చు. నీ సెల్లెలు ఈడ నిలబడి ఉండాది, దీనికి చెప్పు" అన్నాను.

గ్రేసీ లోపలికి పోయి పుస్తకాల సంచి తీసింది. ధరణి బిడ్డను భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

నాకు కోపం చల్లారాక బుద్ధి పని చేసింది. ఆ సాయంత్రం గ్రేసీని పెరట్లోకి పిలిచి మునగాకు దూస్తూ చెప్పాను.

"ఇనవే. నువ్వు ఇందాక చెప్పిందే మంచిదయింది. అట్లనే ఉండు. ఆదివారం ఆయప్పని పోసుకోనీ. నేను పోసిన నీళ్ళకు నేనేమీ మెడల్ అడగలా. ఇంకో చెంబుడు నీళ్ళు పడితే పిలకాయ కరిగిపోడు. వారం అయితే నీకు ఉద్యోగం వస్తాది. ధరణికి నేను సర్ది చెప్పుకుంటా."

"రెండోసారి పోస్తే మొదటిది లేనట్టే కదవ్వా."

"లేదనుకోనీవే! నాకు లేని దురద నీకెందుకు?"

అది తల ఊపింది. దాని తల ఊపుడు నేను నమ్మాను. అక్కడ పొరపాటు పడ్డాను.

ఆదివారం గుడి నిండింది. భోజనం ఉందంటే మా సంఘంలో జబ్బు మనిషి కూడా లేచి వస్తాడు. ఢిల్లీబాబును పిలిచాం, బిడ్డను కాపాడినవాడు కదా. వాడు నామం పెట్టుకునే వచ్చి, చెప్పులు బయట వదిలి, వెనక వరసలో మగవాళ్ళ మధ్య కూర్చున్నాడు. వంటవాళ్ళు గుడి వెనక బిర్యాని దించుతున్నారు, వాసన కిటికీల్లోంచి వస్తోంది. పాటలయ్యాయి, ప్రసంగమయింది. అయ్యగారు బాప్తీస్మం తొట్టి దగ్గరికి వచ్చి బిడ్డను తెమ్మన్నారు. ధరణి తెచ్చింది. కళ్ళు కిందికే. ఆయన చేతులు తొట్టిలో ముంచి దోసిట్లో నీళ్ళు పైకి తీశారు.

ఆడవాళ్ళ వైపు నుంచి గ్రేసీ లేచింది. నేను దాని పైట పట్టుకున్నాను. విడిపించుకుంది.

"అయ్యగారూ, రొంత ఆగండి."

గుడి మొత్తం తల తిప్పింది. ఆయన దోసిలి అట్లాగే ఉంది.

"అవ్వా, లేచి నిలబడు" అంది నాతో. అందరిలో. నేను లేచాను. లేవక ఏం చేస్తాను?

"బిడ్డకు నువ్వు దేంతో పోసినావు?"

"నీళ్ళతో. ఇంకేంతో పోస్తారు, కిరసనాయిలుతోనా?"

ఎవరో కిసుక్కుమన్నారు. దాని ముఖంలో నవ్వు లేదు.

"ఏం నీళ్ళు?"

"మన ఇంటి బిందెలో నీళ్ళు. బాటిల్లో పట్టుకున్నా."

"ఎవురి పేరున పోసినావు? ఏ మాటలు పలికినావో ఆ మాటలే చెప్పు."

చెప్పాను. మూడు పేర్లూ, ముందు వెనక కాకుండా.

"ఎందుకు పోసినావు?"

"సచ్చిపోతాడని! ఏందే ఈ పరీక్ష, నేనేమైనా దొంగతనం చేసినానా?"

"పక్కన ఎవురున్నారు?"

"ధరణి ఉండాది. ఆ పిల్లోడు ఉన్నాడు."

అందరూ వెనక్కి తిరిగారు. ఢిల్లీబాబు లేచి చేతులు కట్టుకున్నాడు, పోలీసు స్టేషనులో నిలబడినట్టు.

"నేనుండానక్కా. ఆక్సిజన్ పెడతా ఉండా. వద్దు వద్దని అరిసినా, ఈయవ్వ ఇనలా. మూడు తూర్లు పోసింది. ఇప్పుడు సెప్పిన మాటలే సెప్పింది. నా పని నన్ను సూసుకోమనింది."

గ్రేసీ అయ్యగారి వైపు తిరిగింది. తర్వాత తెలిసింది నాకు, ఆ కాలంలో అక్కడి పాదిర్లు మంత్రసానిని గుడిలో నిలబెట్టి ఈ ప్రశ్నలే అడిగేవాళ్ళట. జవాబులు సరిగ్గా ఉంటే మళ్ళీ నీళ్ళు ముట్టుకునేవాళ్ళు కాదట.

"అయ్యగారూ, చెల్లుతాది" అంది. "నీళ్ళున్నాయి, మాటలున్నాయి, ఆపద ఉన్నింది, సాక్షులున్నారు. ఇది బాప్తీస్మమే. మళ్ళీ పోయకూడదు."

'అయితే' అనలేదు. నేను ఎదురు చూశాను, వస్తుందేమోనని. రాలేదు.

అయ్యగారి ముఖం ఎర్రబడింది. "చెల్లదన్నవాళ్ళు కూడా ఉన్నారని మొన్న నువ్వే చెప్పావు కదమ్మా?"

"చెప్పినాను. వాళ్ళది వేరే దారి. మన గుడి గోడలోని రాయి లూథరు దారిది. మన దారిలో మొదటిసారి పోసిన ఆడమనిషిది తప్పు కాదు. అంతా తెలిసి రెండోసారి పోసిన అయ్యగారిదే తప్పు."

ఆయన దోసిట్లో నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారి తెల్ల అంగీ మీద పడుతున్నాయి. వెనక నుంచి చెంగమ్మ గొంతు వినిపించింది, గుసగుస అనుకుని అందరికీ వినపడేట్టు అంది: "ఇప్పుడు తెలిసిందమ్మా ఇది దేనికి డాక్టరో."

అయ్యగారు చేతులు అంగీకి తుడుచుకున్నారు. బిడ్డ తల మీద పొడి చెయ్యి పెట్టి, "మునిచంద్ర" అని నేను పెట్టిన పేరే పలికి, చిన్న ప్రార్థన చేసి ధరణికి ఇచ్చేశారు. ధరణి బిడ్డను రొమ్ముకు హత్తుకుని అక్కడే తొట్టి పక్కన కూలబడి ఏడ్చింది. గాజు పెట్టె ముందు కూర్చున్నన్నాళ్ళూ అది ఏడవలేదు. గ్రేసీ పోయి దాని పక్కన నేల మీద కూర్చుంది.

నాకు సంతోషం కాలేదా అంటే, అయింది. బిర్యాని వడ్డించేదాకా ఉండింది. అయ్యగారు షుగరు ఉందని చెప్పి తినకుండా వెళ్ళిపోయారు. ఆయన షుగరు నాకు తెలియనిదా, పోయిన క్రిస్మస్‌కు మా ఇంట్లో పాయసం రెండు గిన్నెలు తాగారు. ఆయన విస్తరి ఖాళీగా ఉండడం చూసి నేనూ నా విస్తరి మడిచేశాను.

ఇంటికి వచ్చాక మొదలుపెట్టాను.

"పుట్టినప్పటి నుంచి ఒక్క మాట తేల్చి చెప్పినదానివి కాదే. తేల్చడానికి నీకు ఈ రోజే దొరికిందా? ఇంకో నాలుగు రోజులు తేల్చకుండా ఉంటే నీ సొమ్మేం పోయింది? నా కోసం చేసినావా?"

"నీ కోసమైతే గమ్మునే ఉండేదాన్నవ్వా" అంది. "నువ్వు ఉండమన్నావు గదా."

"మరి ధరణి కోసమా?"

"ధరణి అడిగింది. అయితే అది అడిగినందుకు గూడా కాదు." అదిగో, 'అయితే' మళ్ళీ వచ్చేసింది. "నేను చూసినన్ని కాగితాల్లో ఎవురో ఒకరు ఆ తల్లులకు జవాబు చెప్పినారు. సరిగ్గానో తప్పుగానో. నేను ఒక్కదాన్నే చెప్పకుండా ఉండా."

మునెయ్య గోడకు ఆనుకుని అంతా విని, "మంచి పని చేసినావు పాపా" అన్నాడు. వాడికి చెప్పాను, కూతురికి ఉద్యోగం తెప్పించే దారి కూడా నువ్వే చూపించు నాయనా అని. వాడు తువ్వాలు దులుపుకుని బయటికి పోయాడు.

మర్నాడు పొద్దున నేనే మునక్కాయల కట్ట పట్టుకుని అయ్యగారి ఇంటికి పోయాను. మాట్లాడక తప్పదు. ఆయన కుర్చీ వేశారు. మర్యాద తక్కువ చేయలేదు.

"సంతోషమ్మా, ఆ అమ్మాయి చెప్పింది తప్పని నేను అనను. రాత్రి నా పుస్తకాలు నేనూ చూసుకున్నాను. కానీ ముందు రోజు ఇంటికి వచ్చి చెప్పొచ్చు కదా? నేను అడిగానా లేదా? అడిగినప్పుడు అటూ ఇటూ అని, గుడి నిండా జనంలో నా చేతిలో నీళ్ళుండగా లేచింది. రేపు కళాశాలలో ఇంకో అయ్యగారిని ఇట్లాగే నిలబెడితే నన్ను కదా అంటారు?"

ఇందులో నేను ఏం తప్పు పట్టను? న్యాయం ఆయన వైపు కూడా సగం ఉంది. నేను గ్రేసీని అడిగితే ఏమంది? ఆదివారం పొద్దున దాకా ధైర్యం రాలేదంది. సంఘం ముందు అడిగే ప్రశ్నలు సంఘం ముందే అడగాలి, అదే పద్ధతి అని కూడా అంది. పద్ధతి! ఆ అన్నా అనే మంత్రసానిని పిలిచి నిలదీసిన వాళ్ళు నేర్పిన పద్ధతి.

"పిల్ల తొందరపడింది అయ్యగారూ. మీరు పెద్దోళ్ళు."

"సంఘ పెద్దల ముందుకు వచ్చి తొందరపడ్డానని ఒక్క మాట అనమను. పాలకవర్గంలో నేను చెబుతాను."

ఇంటికి ఉరుకుల మీద వచ్చి చెప్పాను. ఒక్క మాట. తొందరపడ్డాను. నాలుక మీద బరువు లేని మాట, నేను రోజుకు పది అంటాను, ఒక్కటీ మనసులో ఉండదు. గ్రేసీ సంచి సర్దుకుంటోంది, తిరుపతి బస్సుకు టైమయింది.

"తొందరపడలేదు గదవ్వా" అంది. "ఎన్నో ఏండ్లు ఆలోచించే చెప్పినా."

దానికి ఆ సంగతి తమాషాగా తోచింది, నవ్వింది కూడా. నాకు రాలేదు నవ్వు.

ఉద్యోగం గుంటూరు వైపు ఆయనకెవరికో ఇచ్చారు. ఆ కబురు వచ్చిన రోజు నేను అన్నం మానేశాను. గ్రేసీ తిరుపతి నుంచి ఫోను చేసి, ఆయన మంచి చదువరే అవ్వా, అప్పటి సంఘ పాటల మీద పని చేసినాడు అని ఆయన గుణగణాలు చెప్పడం మొదలుపెట్టింది. పెట్టేశాను ఫోను.

ఇంకా ఆ ప్రైవేటు కాలేజీలోనే ఉంది. ఏ యుద్ధం ఏ ఏట జరిగిందో చెబుతోంది. మధ్యలో ఏదో పెద్ద వ్యాసం రాసి పంపింది, దూరదేశం పత్రికలో వేసుకున్నారట. అందులో నా పేరు కూడా ఉందట, చివర్లో చిన్న అక్షరాల్లో. నేను చదవలేను, చెంగమ్మ చదవలేదు, మా ఊళ్ళో ఆ భాష వచ్చినవాళ్ళు లేరు. అట్లాంటి చోట వేసింది నా పేరు.

మునిచంద్ర కూర్చుంటున్నాడు ఇప్పుడు. ధరణి మొగుడు ఇంకా రియాన్ష్ అనే పిలుస్తాడు. వాడు దేనికీ పలకడు.

మొన్న ఆదివారం గ్రేసీ వచ్చి ఉండింది. ప్రసంగం అయ్యాక గిరిప్రసాద్ అయ్యగారు కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుని, ఒక మాట అన్నారు. ఆపదలో బిడ్డ ప్రాణం మీదికి వస్తే, అయ్యగారు అందకపోతే, సంఘంలో ఎవరైనా బాప్తీస్మం ఇవ్వొచ్చు, ఆడవాళ్ళైనా సరే. నీళ్ళుండాలి, మూడు పేర్లూ పలకాలి, పక్కన ఇద్దరు సాక్షులుండాలి. తర్వాత గుడికి వచ్చి చెప్పాలి. ఇది మన దారిలో మొదటి నుంచీ ఉన్నదే అన్నారు. ఎవరి పేరూ ఎత్తలేదు.

నేను గ్రేసీ వైపు చూశాను, కళ్ళు తుడుచుకుంటుందేమోనని. దాని పెదవులు కదులుతున్నాయి, అప్పటికే సగం లేచింది.

"ఇద్దరు సాక్షులు ఉంటే మంచిదే అవ్వా. లేకపోయినా గూడా..."

"కూర్చోవే!" అని మోచెయ్యి పట్టి లాగాను. "ఆయప్పని మళ్ళీ యాష్ట పెట్టొద్దు. ఇంకో కాలేజీలో గూడా ఆయన మాట చెల్లుతాది."

కూర్చుంది. దీవెన చదివి అందరూ లేచేసరికి నా పక్కన లేదు. బయటికి వచ్చి చూస్తే గుడి మెట్ల మీద ఆయన్ను నిలబెట్టేసింది. వేలు మడిచి ఏదో చెబుతోంది. ఆయన అంగీ మడిచి చంకలో పెట్టుకుని, తల పక్కకు వంచి వింటున్నారు. మధ్యలో ఆయన ఏదో అన్నారు, ఇది గట్టిగా తల అడ్డంగా ఊపింది. ఆయన ఇంకో మెట్టు దిగి మళ్ళీ ఆగారు. ఎండ మాడుతోంది. ధరణి ఇంకా ఎంతసేపు అన్నట్టు నన్ను చూసింది. ఇది తేలే తగువు కాదని, దాని చంకలోంచి మునిచంద్రను తీసుకుని, తల మీద పైట కప్పుకుని నేను ఇంటిదారి పట్టాను.